మా ఇంటివాళ్లు మెచ్చుకున్న కుంటి నడక

మా బిడ్డ బాలమ్మకు మూడేళ్లు నిండిన ఏడాది, ఒక పొద్దున వాకిలి అలికి చేతులు కడుక్కుంటున్నాను. అది ఆ తడి మీదే నడిచి వీధిలోకి పోయింది. తిట్టబోయి ఆగిపోయాను. కుడి పాదం మడమతో సహా పడింది. ఎడమ పాదానిది వేళ్ల గుర్తులే. వరసగా ఆరేడు అడుగులు అలాగే ఉన్నాయి. అప్పటిదాకా పిల్ల ఊగుతూ నడుస్తుంటే ముద్దుగా ఉందనుకున్నాను. నా తెలివి అంత.

అత్తను పిలిచి చూపించాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"నేను చెప్పలేదానే? మా అత్తనే మళ్ల పుట్టింది. బాలవ్వ గిట్లనే నడుస్తుండె!"

బాలవ్వ మా ఆయన నాయనమ్మ. నేను కాపురానికి రాకముందే పోయింది. పోయిన పెద్దల పేరు బిడ్డకు పెట్టుకోవడం మా నారాయణఖేడ్‌లో అందరూ చేసేదే, అందులో తప్పు లేదు. మావాళ్లు అక్కడితో ఆగలేదు. మనిషే తిరిగొచ్చిందని, కుంటే దానికి సాక్ష్యమని ఊరంతా చెప్పుకున్నారు. చుట్టాలొస్తే పిల్లను నడిపించి చూపించేవారు. కల్హేర్ నుంచి వచ్చిన ఆడబిడ్డ అయితే ఏకంగా దాని కాళ్లు మొక్కింది. ఆ కాలు ఎందుకు పొట్టిగా ఉందని మాత్రం ఎవరికీ తోచలేదు.

మా ఆయన ఇంకో రకం. "నొప్పి అంటలేదు గద. నడుస్తుంది గద. నీకేంది పరేషాన్?" అనేవాడు. నొప్పి లేకపోతే రోగం లేదన్నది ఆయన వైద్యం. నా పోరు పడలేక నాగల్‌గిద్ద వైపు నుంచి ఎముకలు సరిచేసేవాడిని పిలిపించాడు. వాడు ఆముదం రాసి కాలు పట్టి గుంజాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. "సరి ఆగ్తదమ్మా" అని, బాగవుతుందని కన్నడంలో ధైర్యం చెప్పి, కూలి కింద ఇచ్చిన కోడిని చంకన పెట్టుకుని పోయాడు. కాలు సరికాలేదు, కోడీ తిరిగి రాలేదు.

చివరికి సర్కారు దవాఖానలో సూదికి తీసుకెళ్లినప్పుడు సిస్టర్ ఆ లోపం పట్టుకుంది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిచి చూసింది. ఎడమ మోకాలు కిందికి ఉంది. "హైదరాబాద్ తీస్కపో అమ్మా. జల్దీ పోవాలె" అంది. నేనొక్కదాన్నే బస్సెక్కుతానంటే పరువుకు భయపడి మా ఆయన వచ్చాడు. మళ్లీ పుట్టిన తన అత్తను ఒంటరిగా పంపలేక మా అత్త కూడా వచ్చింది.

పెద్ద డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. "ఇది కంజెనిటల్ డిస్‌లొకేషన్ ఆఫ్ హిప్, అంటే తుంటి కీలు తప్పడం. ఈ సాకెట్ గిన్నెలా లోతుగా ఉండాలి. మీ పాపది పళ్లెంలా ఉంది. తొడ ఎముక బంతి నిలవక పైకి జారింది. పుట్టినప్పుడు కాళ్లు చాపి బిగించి చుట్టారా?"

చుట్టాం. వంకరపోకూడదని పాత చీరతో కట్టెలా చుట్టాం. చుట్టింది అత్త, చీర అందించింది నేను. నెలల పిల్లగా తెచ్చుంటే పట్టీతోనే పోయేదని డాక్టరు అన్నాడు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అత్తకుండె సార్. గీమె ఆమెనే" అంది అత్త గర్వంగా.

"ఆమెకు నొప్పి ఉండేదా?"

"నొప్పేంది సార్? ఆమె నడకనే అంత."

ఇప్పుడు చేయకపోతే ముప్పై ఏళ్లకల్లా కీలు అరిగి మంచాన పడుతుందని డాక్టరు చెప్పాడు. రెండు వారాలు కాలికి బరువు కట్టి లాగే ట్రాక్షన్, తర్వాత పెల్విక్ ఆస్టియాటమీ. సాకెట్ పైన ఎముక కోసి, చూరు దించినట్టు బంతి మీదికి వంచి, సందులో ఎముక ముక్క గ్రాఫ్ట్ పెట్టి, పిన్నులు వేశారు. ఛాతీ నుంచి కాలి వేళ్ల దాకా ప్లాస్టర్. దాన్ని హిప్ స్పైకా అంటారు. "ఆరు వారాలు. నీళ్ల చుక్క తగలొద్దు" అని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. మా ఆయన మూడుసార్లూ తలూపాడు.

నాలుగో వారం పెత్రమాస వచ్చింది, పోయిన పెద్దలకు బువ్వ పెట్టే అమావాస్య. నేను పిండి పట్టించుకు రావడానికి గిర్నీకి పోయాను. తిరిగొచ్చేసరికి బాలమ్మ వాకిట్లో పీట మీద ఉంది. మా ఆయన చంకల కింద పట్టుకుని నిలబెట్టాడు. అత్త నెత్తి మీంచి చెంబులతో నీళ్లు పోస్తోంది. ప్లాస్టర్ నుంచి తెల్లటి నీళ్లు కారుతున్నాయి.

"గిదేం పని?" అని అరిచాను.

"పెద్దమనిషి తానం చెయ్యకుంట బువ్వ తింటదా?" అంది అత్త.

మూడుసార్లు తలూపిన మనిషి తల దించుకున్నాడు. తెల్లారేసరికి తుంటి దగ్గర ప్లాస్టర్ నానిన రొట్టె అయింది. పిల్లను ఒడిలో అడ్డంగా పడుకోబెట్టుకుని మళ్లీ బస్సెక్కాను. వాళ్లిద్దరూ వెనకాలే ఎక్కారు.

"గ్రాఫ్ట్ కొంచెం జరిగింది. పిన్నులు పట్టుకున్నాయి కాబట్టి సరిపోయింది. మీరు చదువుకున్నారు కదా?" అని డాక్టరు మా ఆయనను అడిగాడు. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

మళ్లీ మత్తు, మళ్లీ ప్లాస్టర్, మరో ఆరు వారాలు. పిల్లను థియేటర్‌లోకి తీసుకెళ్లాక, బెంచీ మీద అత్తను నిలదీశాను. "నిజం చెప్పు. బాలవ్వకు నొప్పి ఉండెనా, లేదా?"

అత్త థియేటర్ తలుపు వైపు చూసింది. తర్వాత అంది, "దినాం ఇటుక కాచి తుంటికి కాపడం పెట్టించుకుంటుండె. నేనే పెడుతుంటి. కూసుంటే లేవరాకపోవు. ఎవ్వలకు చెప్పకే అంటుండె."

ఆమె ఏడ్చింది. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ పెద్దగా లేదు. రోజూ కాపడం పెట్టిన మనిషే ఆ నడకను చుట్టాలకు చూపించి మురిసిపోయింది.

బాలమ్మ ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతోంది. అలిసిపోతే కొంచెం కుంటుతుంది, గొంతుక్కూచోలేదు. మిగతా పనులన్నీ చేసుకుంటుంది. పోయిన ఏడాది దానికి ఆడపిల్ల పుట్టింది. మా అత్త అప్పటికే పోయింది.

"మా అమ్మ పేరు పెడదాం" అన్నాడు మా ఆయన.

"పెట్టుకో. ముందుగాల తుంటి చూపిచ్చుకొద్దాం" అన్నాను. చూపించాం. డాక్టరు రెండు తొడలూ విప్పి చూసి, బాగానే ఉందన్నాడు. ఆ తర్వాతే పేరు పెట్టాం.

మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే కాళ్లు చాపి బిగించి చుట్టకండి. నెలలోపే తుంటి చూపించండి. పిల్ల నడక ఫలానా పెద్దమనిషి పోలిక అని ఎవరైనా మురిసిపోతే, ఆ పెద్దమనిషి తుంటికి రోజూ కాపడం పెట్టింది ఎవరో అడగండి.