మానుకోట దాకానా అంటే తలూపాను

నోరు విప్పి ఒక్క అబద్ధమూ ఆడకుండా, కేవలం తలకాయను ఒకసారి కిందికీ పైకీ ఆడించి, ఊళ్లకు ఊళ్లను రోడ్డు మీదికి రప్పించి, చివరికి పెద్దవంగర నడిబజారులో ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడ్డ మహానుభావుడిని మీరెప్పుడూ చూసి ఉండరు. చూడాలంటే ఇప్పుడు చూడండి, నేనే. కాస్త నవ్వు ఆపుకుని వినండి, నవ్వాల్సినవి ముందు చాలా ఉన్నాయి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులకు తాళాలు, బస్సులు డిపోలో, మేమంతా టెంట్ల కింద. మాది చిట్యాల, ఉద్యోగం జనగామలో. ప్రభుత్వ బడిలో సోషల్ పంతులుని. పగలంతా ధర్నా శిబిరంలో కూర్చుని నినాదాలు ఇచ్చేవాళ్లం. అయితే సమ్మెకు చాలా ముందే నాకు ఇంకో పిచ్చి పట్టుకుంది. అది పరుగు.

మేం ముగ్గురం ఉండేవాళ్లం. నేను, ఆర్టీసీ కండక్టర్ యాకయ్య, దేవరుప్పుల పక్క తండా నుంచి వచ్చి జనగామ హాస్టల్లో ఉంటూ పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న లలిత. చలికాలంలో హైదరాబాదులో జరిగే పెద్ద పరుగు పందెంలో ముగ్గురం పాల్గొనాలని మా పథకం. ముగ్గురిలో అందరికంటే నెమ్మదిగా పరుగెత్తేది నేను. అందరికంటే ఎక్కువ సలహాలు ఇచ్చేదీ నేనే. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదివిందంతా తెల్లవారగానే వాళ్లిద్దరి నెత్తిన పోసేవాణ్ణి. మడమ ఎట్లా ఆనించాలి, ముక్కుతో ఎట్లా పీల్చాలి, పరుగుకు ముందు ఏం తినాలి అంటూ. లలిత శ్రద్ధగా వినేది, విన్నాక నన్ను దాటుకుని వెళ్లిపోయేది.

సాధన అంటే మీరేదో ఊహించుకునేరు. మొదటి వారం రైలు గేటు దాకా వెళ్లి వాంతి చేసుకుని వచ్చాను. రెండో వారం కుక్కలు తరిమాయి. నిజం చెప్పాలంటే నా జీవితంలో అత్యంత వేగంగా పరుగెత్తిన రోజు అదే. కొత్త బూట్లు కరిచి కాలిగోరు వంకాయ రంగుకు తిరిగితే మా ఆవిడ సుజాత వేడినీళ్లలో ఉప్పు వేసి కాళ్లు పెట్టించి, "నిన్నెవరు తరుముతున్నరయ్యా" అని అడిగేది. యాకయ్యది ఇంకో బాధ. ఏళ్ల తరబడి బస్సులో నిలబడ్డ మోకాళ్లు. ఒకరోజు హుషారుగా ఉండేవాడు, మర్నాడు కుంటేవాడు. లలిత మాత్రం పరుగెత్తుతూనే మాట్లాడేది. వాళ్ల మేకల సంగతి, కోచింగ్ సంగతి, వాళ్లమ్మతో పడ్డ తగవు సంగతి, అన్నీ చెప్పేది. నాకు పరుగెత్తేటప్పుడు ఊపిరి తప్ప ఇంకేదీ నోట్లోంచి బయటికి వచ్చేది కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఒక బంద్ రోజున నాకు గొప్ప ఆలోచన తట్టింది. రోడ్డు మీద లారీ లేదు, జీపు లేదు. దేవరుప్పుల దాకా ఏకబిగిన పరుగెత్తితే హైదరాబాదు పందేనికి సరిపడా దూరం ఒకసారి కాళ్లకు చూపించినట్టవుతుంది. శిబిరంలో ఈ మాట అందరి ముందూ గట్టిగా ప్రకటించేశాను, ఇక వెనక్కి పోవడానికి లేకుండా. లలిత బంద్‌కు ఇంటికి వెళ్లి ఉంది, దేవరుప్పులలో నీళ్లతో ఎదురుచూస్తానంది. యాకయ్య మోకాలు ఆ వారం అలిగి ఉంది కాబట్టి మోటారు సైకిల్ మీద అరటిపండ్లతో నా వెంట వస్తానన్నాడు.

ఆ పొద్దు ఎంత బాగుందో చెప్పలేను. రోడ్డంతా నాదే. బండ్లు రావని తెలిసి రైతులు రోడ్డుకు అడ్డంగా మక్కజొన్నలు ఆరబోశారు. వాటి పక్క నుంచి బంగారం ఒడ్డున పరుగెత్తుతున్నట్టు పరుగెత్తాను. చేన్లలో పత్తి తెల్లగా పగిలి ఉంది. ఎక్కడో డప్పు మోగుతోంది. కాళ్లు వాటంతట అవే లేస్తున్నాయి. ఈ లెక్కన దేవరుప్పుల ఏంటి, సముద్రం దాకా పోతానేమో అనిపించింది. ఈలోగా యాకయ్యకు తొవ్వలో మేనత్త ఇల్లు కనిపించింది. చాయ తాగి వస్తా, నువ్వు నడువు అన్నాడు. నేను ఒంటరివాణ్ణయ్యాను.

కాసేపటికి ఒక ఊరు వచ్చింది. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. వంటా వార్పు, అంటే రోడ్డు మీదే వండుకుని తినే నిరసన. రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద గిన్నెలు, చుట్టూ జెండాలు, ఒక పక్క ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ పాట. అందులోకి చెమటతో తడిసి, కళ్లు తేలేసి, ఎర్ర టీషర్టు వేసుకుని నేను వెళ్లాను. పాట ఆగింది. మైకు పట్టుకున్న సోమన్న అనే నాయకుడు ఎదురొచ్చాడు.

"ఏందన్నా, పోలీసోళ్లు తరుముతున్నరా?"

కాదని చెయ్యి ఊపాను.

"యాడికెళ్లి వస్తున్నవ్?"

"జన... గామ... బడి," అన్నాను.

"యాడిదాంక?"

దేవరుప్పుల అనబోయాను. 'దే' దగ్గరే ఊపిరి అయిపోయింది. మాట రాక, ముందున్న రోడ్డు వైపు చెయ్యి చూపించాను. ఆ రోడ్డు దేవరుప్పులకు పోతుంది. దురదృష్టం ఏమిటంటే అక్కడితో ఆగకుండా పెద్దవంగర మీదుగా మహబూబాబాద్ దాకా పోతుంది. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటారు. జనంలోంచి ఎవరో, "మానుకోట దాంకనా?" అన్నారు.

సరే సరే, నన్ను వదలండి అనే అర్థంలో తలూపాను.

సోమన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మన సారు జనగామకెళ్లి మానుకోట దాంక తెలంగాణ కోసం ఉరుకుతున్నడు" అని ఒక్కసారి అన్నాడు, అంతే. డప్పులు లేచాయి. మెడలో బంతిపూల దండ పడింది. ముఖమంతా గులాల్ పూశారు. అవ్వలు చుట్టూ మూగి బగార అన్నం, వంకాయ కూర ముద్దలు చేసి నోట్లో పెట్టారు. పరుగు నడుమ ఏం తినకూడదో ఇంటర్నెట్‌లో చదివిన జాబితాలో మొదట ఉన్నవి ఆ రెండే. కాదండీ, దేవరుప్పుల దాకే అని రెండుసార్లు అన్నాను. ఒకసారి డప్పుల్లో కలిసిపోయింది, రెండోసారి ముద్దలో కలిసిపోయింది. మూడోసారి అనలేదు. ఎందుకనలేదంటే, మీ దగ్గర దాపరికం దేనికి, ఆ దండ చాలా బాగుంది. నా పెళ్లిలో కూడా అంత బరువైన దండ వెయ్యలేదు.

ఊరి కుర్రాళ్లు కొంతమంది నా వెంట జెండాలతో బయలుదేరారు. సోమన్న ముందు ఊరికి ఫోన్ చేశాడు. ముందు ఊరివాళ్లు ఆ పై ఊరికి చేశారు. ప్రతి ఊరి పొలిమేరలో హారతి, కొబ్బరికాయ, మళ్లీ దండ, మళ్లీ ముద్ద. కడుపులో అన్నం నీళ్ల కుండలా అటూ ఇటూ ఊగుతోంది. దేవరుప్పుల చేరేసరికి నా కాళ్లు నావి కావు. వెనక జాతర లాగా జనం.

లలిత నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక నవ్వు ఆపుకోలేకపోయింది. పక్కకు తీసుకెళ్లి జరిగిందంతా చెప్పాను. చాయ తాగి తీరిగ్గా వచ్చిన యాకయ్య కూడా అక్కడే తగిలాడు.

"సారూ, జర మైకు తీస్కొని ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. గింతమంది పరేషాన్ అయితరు," అంది లలిత.

ఆమె మాట వినుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను వినలేదు. అప్పటికే ఇంకో గొప్ప ఆలోచన తట్టింది. మక్కచేనులోకి చెంబు పట్టుకుని వెళ్లినట్టు వెళ్తాను. అక్కడ ముఖం మీది గులాల్ కడుక్కుని, యాకయ్య ఒంటి మీది ఖాకీ చొక్కా నేను వేసుకుని, నా టీషర్టు, ఒక దండ సంచిలో పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, బండ్లబాట మీదుగా మోటారు సైకిల్‌పై పెద్దవంగర దాకా వెళ్తాను. ఊరి బయట మళ్లీ టీషర్టు వేసుకుని పరుగెత్తుతూ ఊళ్లోకి వస్తాను. ఈలోగా లలిత జనాన్ని మెల్లగా వెంటబెట్టుకు రావాలి, సారు ఉరుకుతున్నాడని చెప్పాలి.

"నేను అబద్ధం చెప్ప సారూ," అంది ఆమె. "ఉరకమంటే ఉరుకుత."

సరే ఉరకమన్నాను. ఆమె చెప్పులు విడిచి బూట్లు కట్టుకుని జెండా అందుకుంది.

మేం పెద్దవంగర చేరాం. ఊరి బయట చొక్కా మార్చుకునేందుకు చాటు కోసం చూస్తుంటే, ఊరి జనమే ఊరి బయటికి వచ్చి ఉన్నారు. రోడ్డుకు రెండు వైపులా బారులు తీరి నా కోసమే చూస్తున్నారు. ఖాకీ చొక్కాతో దిగిన నన్ను చూసి ఒకాయన మండిపడ్డాడు. బస్సులు బందైతే కండక్టరుకు ఖాకీ ఎందుకు, సమ్మెకు ద్రోహం చేస్తున్నావా అని నిలదీశాడు. మోటారు సైకిల్‌పై ఏ కండక్టరూ టిక్కెట్లు కొట్టడని చెప్పి యాకయ్య ఎట్లాగో సర్దిచెప్పాడు. ఇంతలో ఒక అవ్వ నా రెక్క పట్టుకుని రోడ్డు మీది నుంచి పక్కకు లాగింది.

"ఉరికే సారు వస్తున్నడు, తొవ్వకు అడ్డం నిలబడకు బిడ్డా. గిది పట్టుకో," అని నా చేతిలో కొబ్బరికాయ పెట్టింది.

ఆ విధంగా నా రాక కోసం కొబ్బరికాయ పట్టుకుని ఎండలో నేను నిలబడ్డాను. పక్కన అవ్వ. ఆమె ఆ సారు గురించి నాకు చాలా చెప్పింది. ఆరడుగులు ఉంటాడట, పచ్చి గుడ్లు తాగుతాడట, ఏ తల్లి కన్న బిడ్డో అని కళ్లొత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను. అటూ ఇటూ జరిగితే అవ్వ మళ్లీ రెక్క పట్టుకుని నిలబెట్టేది.

పొద్దు నడినెత్తి దాటాక దూరంగా డప్పు వినిపించింది. జనం గోల. ముందు లలిత వస్తోంది. వెంట ఏ ఊరి దగ్గర కలిసినవాళ్లో పాతికమంది ఆడపిల్లలు, మగపిల్లలు. చున్నీ నడుముకు బిగించి, జెండా ఎత్తి, నిండు కాలువ వచ్చినట్టు వచ్చింది. అలసట ఉంది, ఆయాసం లేదు. ఒక్క క్షణం నేనెవరో మరిచిపోయి అందరికంటే గట్టిగా జై తెలంగాణ అని అరిచాను. అవ్వ సైగ చేస్తే కొబ్బరికాయ కూడా నేనే కొట్టాను.

ఆమె మెడలో దండ వేసి, "సారేడమ్మా?" అని అడిగారు.

లలిత నన్ను చూడలేదు. ఉన్నదున్నట్టే చెప్పింది. "సారు మాకంటే ముందుగాలనే బయలెల్లిండు."

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు బయలుదేరిన సారు ఇంకా రాలేదంటే ఏమైనట్టు? ఎండదెబ్బ తగిలి పడిపోయాడని ఒకరన్నారు. బావిలో పడ్డాడని ఇంకొకరు. ఆఖరికి ఒకాయన, పోలీసులు ఎత్తుకుపోయి ఉంటారని తేల్చేశాడు. అంతే, సారును విడిచిపెట్టేదాకా ఠాణా ముందు బైఠాయిద్దామని సగం జనం లేచారు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అవ్వ నా వీపు మీద చరిచి, "నువ్వు కండక్టరువు గద, తొవ్వలన్నీ ఎరుకే. ముందుగాల నువ్వు పోయి ఎతుకు బిడ్డా," అంది.

నేనూ యాకయ్యా మోటారు సైకిలెక్కి నన్ను వెతకడానికి బయలుదేరాం. యాకయ్య నవ్వుతూ బండి నడపడం వల్ల రెండుసార్లు మక్కల కుప్పలోకి పోయాం. ఒక చేను చాటున యాకయ్య చొక్కా యాకయ్యకిచ్చేసి టీషర్టు వేసుకున్నాను. సంచిలో నలిగిన దండ మెడలో వేసుకున్నాను. కుంటుతూ, మూలుగుతూ, పరుగు వంటిదేదో చేస్తూ ఊళ్లోకి వచ్చాను. కుంటడంలో మాత్రం నటన లేదు.

"దొరికిండు, సారు దొరికిండు" అని కేకలు. నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. లలిత తలవంచుకుని పెదవులు బిగబట్టుకుంది. జనాన్ని తోసుకుంటూ అవ్వ వచ్చింది. దిష్టి తియ్యడానికి చెయ్యి ఎత్తి, అట్లాగే ఆగిపోయింది. నా ముఖంలోకి, తర్వాత ఖాకీ చొక్కాతో నిలబడ్డ యాకయ్య వైపు, మళ్లీ నా వైపు చూసింది.

"ఎతకనీకె తోలితె, నీకు నువ్వే దొరికినవా బిడ్డా?"

మోస్తున్నవాళ్లతో సహా అందరూ తలెత్తి నన్నే చూశారు. భుజాల మీద ఎక్కి కూర్చున్నవాడికి పారిపోయే దారి ఉండదు. అక్కడి నుంచే, మైకు తెప్పించుకుని, మొత్తం చెప్పేశాను. తలూపడం, దండ, చెంబు, చొక్కా, అన్నీ. చివర ఏం చేయాలో తోచక జై తెలంగాణ అన్నాను. పెద్దవంగర అంతా నవ్వింది. ఠాణాకు బయలుదేరినవాళ్లు జెండా కర్రలు పట్టుకుని వంగి వంగి నవ్వారు. నన్ను నిలదీసినాయన నవ్వలేక రోడ్డు మీదే కూర్చున్నాడు. అవ్వ మాత్రం నవ్వకుండా, ఆకలితో ఉన్నట్టున్నావు అని ఇంకో ముద్ద పెట్టింది.

మానుకోట మాట మాత్రం ఎవరూ వదల్లేదు. మాట పోతే ఊరి పరువు పోతుందన్నారు. ఊరూరా కొత్త కాళ్లు ఎదురొచ్చి జెండా అందుకున్నాయి. చివరి ఊరి నుంచి మళ్లీ లలితే ఎత్తుకుంది. పొద్దు గూకేవేళకు పరుగు మానుకోట చేరింది. నేను వెనక ట్రాక్టర్లో అన్నం గిన్నెల పక్కన కూర్చుని చేరాను.

కాబట్టి ఓ పాఠకులారా, నా పది కాలిగోళ్ల సాక్షిగా, అందులో రెండు ఇప్పుడు లేవు, మిగిలినవాటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు నడిరోడ్డు మీద ఎవరు ఎక్కడిదాకా అని అడిగినా, పూర్తిగా ఆగి, గట్టున కూర్చుని, నీళ్లు తాగి, ఊపిరి కుదుటపడ్డాక, ఊరు పేరు, మండలం పేరు విడమరిచి చెబుతాను. అప్పటిదాకా నా తలకాయ మెడ మీద రాయిలా ఉంటుంది.