బావమరిది పట్టని తాడు

1946 మార్చిలో నన్ను గుంటూరు నుంచి మాచర్లకు విలేకరిగా వేశారు. ఎత్తిపోతల జలపాతం, చుట్టుపక్కల కొండలు, గుహలు చూడవచ్చేవారి కోసం ఒక వ్యాసం పంపమని ఎడిటరు రాశారు. ఇలాంటివాటిని మేము ఆదివారం సరుకు అనేవాళ్లం. తొందర ఉండదు, బొమ్మ మాత్రం బాగుండాలి.

బొమ్మ కోసం వెతుకుతుంటే చెంచు లింగయ్య దొరికాడు. లోయ పక్కన నిట్టనిలువు రాతిగోడకు తేనెపట్లు ఉండేవి. నడుముకు నారతాడు కట్టుకుని దిగి అతను పట్టు కోసేవాడు. పైన తాడు పట్టేది ఎప్పుడూ భార్య తమ్ముడే. అక్క కాపురం కోరేవాడు తాడు వదలడని వాళ్ల నమ్మకం.

ఆ రోజు బావమరిది సంతకు వెళ్లాడు. బొమ్మ తీయడానికి గుంటూరు నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు సాయంత్రం రైలు అందుకోవాలి. వెంట వచ్చిన ఫారెస్టు గార్డు తాడు తాను పడతానన్నాడు.

"నువ్వు నాకేమవుతావు దొరా? చుట్టరికం కలుపుకుందామా ఏంది?" అని లింగయ్య నవ్వాడు.

"కలుపుకుందాంలే. నీ పెళ్లాన్ని అక్కా అంటా, చాలా?" అన్నాడు గార్డు.

భార్య ఈదమ్మ నవ్వలేదు. "మా తమ్ముడు రానీ. రేపు దిగొచ్చు, పట్టు యాడికి పోద్ది?" అంది. పేపర్లో బొమ్మ పడుతుందని లింగయ్యకు ఆశపెట్టింది నేను. అతను ఒప్పుకున్నాడు. కోసిన పట్టు కింద అందుకోవడానికి ఆమె బుట్ట తీసుకుని లోయలోకి నడిచింది.

సగం దిగాక తాడు రెండుసార్లు కదిలింది. ఇంకా వదలమంటున్నాడనుకుని గార్డు ఒక్కసారిగా వదులిచ్చాడు. ఆ ఊపుకు తాడు అతని చేతుల్లోంచి జారిపోయింది. కింద ఉన్న ఈదమ్మ కళ్లముందే లింగయ్య బండల మీద పడి చనిపోయాడు.

తంతివార్తలో మాటలు పొదుపు చేయాలి. "కొండపై కాలుజారి చెంచు మృతి" అని పంపాను. గార్డు వాంగ్మూలంలో పోలీసులూ అదే మాట రాసుకున్నారు.

వారం తరువాత ఈదమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. "కాలు జారిందని రాశావంట. కాలు జారలేదయ్యా, తాడు జారింది. ఒకసారి గుంజితే వదలమని, రెండుసార్లు గుంజితే ఆపమని. ఆయన రెండుసార్లు గుంజాడు, కింద నుంచి చూశా. ఆ గుర్తు ఆయనకీ మావోడికీ తెలుసు. మీవోడు అడిగాడా?"

అడగలేదు. నేనూ అడగలేదు.

సవరణ రాసి పంపాను. పాత వార్త అని డెస్కు వాళ్లు వేయలేదు. ఆదివారం వ్యాసం మాత్రం అచ్చయింది, అంచున నిలబడిన లింగయ్య ఫొటోతో.

తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి చావు వార్త వస్తే, మనిషిని ఆ పనికి పంపింది ఎవరు, పట్టుకున్నది ఎవరు అని అడిగాకే రాశాను. ఎత్తిపోతల వార్తలో మొదటి ప్రశ్నకు జవాబు నేను.