అమ్మ కుట్టిన బైండు

సాహిత్య సభలంటే ఇప్పుడు నాకు ఒళ్ళుమంట. శాలువాలు, జ్ఞాపికలు, రెండే రెండు మాటలంటూ మైకు పట్టుకుని గంట తినేసే పెద్దమనుషులు, భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని ‘మీ కథ అద్భుతమండి’ అని చదవకుండానే చెప్పేవాళ్ళు. ఇవన్నీ ఎప్పుడూ ఉండేవే. వీటికి నవ్వుకుని ఊరుకునేదాన్ని. నా మంట వేరు. అది మా అమ్మ బైండు గురించి.

అమ్మ రేపల్లెలో జాకెట్లు కుట్టేది. వారపత్రికలు బాగా నడిచే రోజుల్లో ఒక రచయిత సీరియల్ అంటే ఆమెకు ప్రాణం. పత్రిక చదవడం అయ్యాక ఆ పేజీల వరకూ జాగ్రత్తగా చించి మిషన్ సొరుగులో దాచేది. అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఉన్న అలవాటే అది. సీరియల్ పూర్తయ్యాక అందరూ బైండింగ్ షాపుకిచ్చేవాళ్ళు. మా అమ్మకి ఇంకొకరి కుట్టు మీద నమ్మకం లేదు. దబ్బనంతో తనే కుట్టి, మిగిలిపోయిన లైనింగు గుడ్డ అట్టకు అంటించింది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆ బైండు పట్టుకెళ్ళి చదివి తెచ్చిచ్చేవాళ్ళు. వీధి వీధంతా తిరిగినా ఒక్క కాగితం ఊడలేదు.

అందులో ఒక వారం భాగం మాత్రం అచ్చుది కాదు. ఆ వారం కొట్లో పత్రికలు అయిపోయాయి. పక్కింటావిడ దగ్గర ఒకటుంది గానీ, చదువుకుంటే చదువుకో, చింపితే మాత్రం ఒప్పుకోనంది. అమ్మ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని తెల్లకాగితాల మీద ఆ భాగం మొత్తం రాసుకుంది. నేను అప్పుడు బడికెళ్ళే పిల్లని. పక్కనే కూర్చుని చూస్తున్నాను.

ఆ వారం, కథలోని ఇల్లాలు భర్త ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. రచయిత ఆమెను ఖాళీ కడుపుతో పంపేశాడు. అమ్మకి అది బొత్తిగా మింగుడుపడలేదు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి తినకుండా ఎట్లా పోతుందే, పిచ్చిదా, అని గొణుక్కుంది. తర్వాత తన సొంతంగా రెండు వాక్యాలు చేర్చింది. ‘ఇన్నేళ్ళూ అందరికీ వడ్డించిన చేత్తో ఆమె ఆ పూట తనకే వడ్డించుకుంది. కడుపునిండా తిని, కంచం కడిగి బోర్లించి, అప్పుడు గడప దాటింది.’ నాకు చదివి వినిపించి, ఎవరితోనూ అనకంది. చంక దగ్గర బిగుతుగా ఉంటే కాస్త కుట్టు వదులుతాం కదా, ఇదీ అంతేనంది. ఆ నవ్వు నాకింకా గుర్తే.

తర్వాత ఆ పత్రిక మూతపడింది. సీరియల్ పుస్తకంగా రాలేదు. నేను చదువుకుని అదే ఊళ్ళో తెలుగు టీచర్నయ్యాను. షుగరు అమ్మ చూపును కొంచెం కొంచెంగా మింగేసింది. అచ్చు కనపడటం మానేశాక, బడి నుంచి రాగానే ఆమెకు ఆ బైండు చదివి పెట్టడం నా పనయింది. నేనెక్కడైనా ఒక మాట దాటేస్తే టక్కున పట్టుకునేది.

అలా ఉండగా తెనాలిలో సాహిత్యోత్సవమనీ, ఆ రచయిత వస్తున్నాడనీ తెలిసింది. అమ్మ నన్ను కూర్చోనివ్వలేదు. ఆయన గొంతు వినాలి, బైండు మీద ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి. ఆమె కోరిక అంతే. పొద్దున్నే పాసింజరెక్కాం. దారి పొడుగునా ఆ గుడ్డసంచి ఒళ్ళోంచి దించలేదు.

కల్యాణమండపంలో ఆయన చుట్టూ ఒకటే జనం. సెల్ఫీల గొడవంతా సద్దుమణిగేదాకా అమ్మ గోడ పక్కన నిలబడింది. కుర్చీ తెస్తానంటే వద్దంది. చివరికి దగ్గరికి తీసుకెళ్ళి బైండు ఆయన చేతిలో పెట్టించాను. ఆయన రెండు పేజీలు తిప్పి నిర్ఘాంతపోయాడు. తన దగ్గర కూడా ప్రతి లేదట. ఇల్లు మారినప్పుడు పోయిందట. ఎన్ని లైబ్రరీలు వెతికించినా దొరకలేదట. దీన్ని తీసుకెళ్ళి పుస్తకం వేయించుకుంటానని, నెల తిరక్కుండా భద్రంగా పంపిస్తానని అమ్మ చేతులు పట్టుకుని అడిగాడు.

నాకు ఎందుకో మనసొప్పలేదు. స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపుందండి, సాయంత్రానికల్లా తీయించి ఇస్తాను అన్నాను. అమ్మ నా మోచెయ్యి నొక్కింది.

“ఆయన కథ ఆయన చేతిలో పెడుతుంటే జిరాక్సంటావేంటే? ఏమనుకుంటారు?”

ఇచ్చేసింది. ఆ సంబరంలో సంతకం సంగతి ఇద్దరం మర్చిపోయాం. చేతిరాత కాగితాల మాట ఆమె చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు. తన రచనలో చెయ్యి పెట్టానని తెలిస్తే ఆయన బాధపడతారని రైల్లో అంది. చేరిస్తే చేర్చింది గానీ దొంగతనం చేసినట్టు భయపడింది నా పిచ్చి తల్లి. బైండు వెనక్కి వచ్చాక తనే ఫోన్లో నిజం చెప్పి, క్షమించమంటానంది.

బైండు వెనక్కి రాలేదు. మొదట్లో ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి ‘పంపిస్తానమ్మా, పంపిస్తాను’ అనేవాడు. తర్వాత ఎవరో ఎత్తి సార్ బిజీగా ఉన్నారనేవాళ్ళు. ఆ తర్వాత ఎత్తడమే లేదు. వీధిలో ఏ బండి ఆగినా ‘కొరియరేమో చూడవే’ అనేది అమ్మ. వేరే పుస్తకాలు తెచ్చి చదవబోతే వద్దనేది. మా సాయంత్రాలు ఊరికే గడిచిపోయేవి.

ఏడాది దాటాక పేపర్లో చూశాను. బాపట్లలో ఆయన నవల ఆవిష్కరణ సభ. అదే నవల. మాకు పిలుపు లేదు. అమ్మ కాలి పుండుతో కదల్లేకపోతోంది. పుస్తకం సంగతి తర్వాత, ముందు బైండు తెమ్మంది. బస్సెక్కి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను.

ఆయన బాగా మాట్లాడతాడు, కాదనను. ఈ నవల ఎలా దొరికిందో చెప్పాడు. తెనాలిలో ఒక చదువురాని తల్లి తన కాళ్ళ మీద పడి, గుండెలకు హత్తుకుని దాచిన ఈ పేజీల్ని తనకు కానుకగా ఇచ్చిందట. అక్షరం తెలియని వాళ్ళ అభిమానమే తనకు అసలైన అవార్డట. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. మా అమ్మ ఆయన కాళ్ళ మీద పడలేదు. కానుకా ఇవ్వలేదు. చదువురాకపోతే సీరియలెలా దాస్తుందన్న ఆలోచన ఆ హాల్లో ఒక్కడికీ రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. తను రాసింది తనే మర్చిపోయాననీ, ప్రూఫులు దిద్దుతుంటే ఒక చోట తనకే కళ్ళు చెమర్చాయనీ, ఇన్నేళ్ళలో ఇంతకన్నా మంచి వాక్యం రాయలేదనీ చెప్పి పుస్తకం తెరిచాడు.

“ఇన్నేళ్ళూ అందరికీ వడ్డించిన చేత్తో ఆమె ఆ పూట తనకే వడ్డించుకుంది.”

ఆయన చదువుతూనే ఉన్నాడు. కంచం కడిగి బోర్లించే దాకా చదివాడు. పక్కనున్నావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు మాత్రం మిషన్ పక్కన కూర్చుని రాసుకుంటున్న అమ్మే కనపడింది.

సభ అయ్యాక ఒక పుస్తకం కొని సంతకాల వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే బైండు ఏదండీ అన్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. పక్కనే ఉన్న ప్రచురణకర్తను అడగమన్నాడు. టైపు చేసేవాళ్ళకి తలా కొన్ని పేజీలు పంచాలని కుట్టు విప్పేశామనీ, పనయ్యాక అవి చిత్తుకాగితాల్లో పోయుంటాయనీ ఆ ప్రచురణకర్త తాపీగా చెప్పాడు. పుస్తకం వచ్చేసింది కదండీ, ఇంకా వాటితో పనేముందని నన్నే అడిగాడు.

నేను రచయిత వైపు తిరిగాను.

“మీరు చదివిన ఆ వాక్యాలు మీవి కావండి. మా అమ్మవి. ఆ భాగం ఆమె చేత్తో రాసింది.”

ఆయన కోప్పడితే నాలుగు కడిగేసేదాన్ని. కోప్పడలేదు. నావైపు జాలిగా చూసి, “నా కథలు తమవే అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారమ్మా. అదే నా అదృష్టం” అన్నాడు. పుస్తకం మొదటి పేజీలో ‘అభిమానంతో’ అని సంతకం గీకి, వెనకనున్న వాళ్ళను రమ్మన్నాడు. ఆ చేతిరాత చూపిద్దామంటే కాగితాలే లేవు. ఆ పుస్తకం పట్టుకుని వచ్చేశాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ అడిగింది, తెచ్చావా అని. లేదన్నాను. కాగితాలు ఏమయ్యాయో కూడా చెప్పాను. అమ్మ ఆ పుస్తకమైనా చదవమంది. నేను సరాసరి ఆ పేజీ తీసి చదివాను. అమ్మ ముఖం విప్పారింది.

“ఉంచారా? తీసెయ్యలేదా?”

ఉంచాడని, ఇంతకన్నా మంచి వాక్యం రాయలేదని సభలో చెప్పాడని అన్నాను. అమ్మ సిగ్గుపడింది. నేను అక్కడితో ఊరుకోవలసింది.

“మరి నా గురించి ఏమన్నారు?”

ఏదో ఒకటి చెప్పి సర్దేయొచ్చు. కానీ బాపట్ల నుంచి మోసుకొచ్చిన మాట ఆగలేదు. చదువురాని తల్లి అన్నాడమ్మా, అక్షరం తెలియదన్నాడు, అనేశాను.

అమ్మ ముఖంలో వెలుగు ఉన్నపళాన పోయింది. కాసేపటికి చెయ్యి చాపి, కొలతలు రాసుకునే పెన్ను ఇమ్మంది. ఆ వాక్యాలున్న చోట తన వేలు ఆనించమంది. ఆనించాను. కళ్ళు కనపడకపోయినా వంగి, ఒత్తి ఒత్తి తన పేరు రాసింది. వరస కుదరక అచ్చు మీద నుంచి పక్కకు జారింది. సగం అక్షరాలు కాగితం మీద పడ్డాయి, మిగతావి పుస్తకం పట్టుకున్న నా చేతి మీద పడ్డాయి.