తొట్టి అద్దం

డెబ్బైల చివర్లో, కద్మా నుంచి గోల్‌మురి వెళ్లే బస్సులో, ఒళ్లో వెడల్పు మూతి సీసా పెట్టుకుని నిమిషానికోసారి ఎత్తి చూస్తున్నాను. ఇంట్లో తొట్టిలో అప్పటికే మూడు గోల్డ్‌ఫిష్‌లు చచ్చాయి. సీసాలోని నాలుగోదాని మీదా అదే మచ్చ; గోల్‌మురిలో చేపలమ్మేవాడికి చూపిద్దామని బయల్దేరాను.

"ఏటి బాబూ, ఊరికే అలా కుదిపేత్తన్నావు? ఇలా తే," అంది పక్క సీటులోని పెద్దావిడ. చెయ్యి తడుపుకుని చేపని పైకి తీసింది.

"మచ్చ కాదిది, పేను."

గోటితో లాగి, బొటనగోళ్ల మధ్య నొక్కింది. టప్పుమంది. చేపని మళ్లీ నీళ్లలో వదిలింది.

"పేనుంటే ఈపులుండవేటి? ఇంటికెల్లి అద్దం గీకి సూడు," అని సాక్చిలో దిగిపోయింది.

నేనూ అక్కడే దిగి, వెనక్కెళ్లే బస్సెక్కాను. ఇంటికొచ్చి గీకితే, తొట్టి అద్దం మీద ఈపులు, ఆ పేల గుడ్లు, వరుసగా గోటికి గరుగ్గా తగిలాయి. ఆ మూడు చేపలూ చస్తున్నన్నాళ్లూ నేను ముక్కు ఆనించి చూసింది ఆ అద్దానికే.