గుండ్ల దిగుడులో పెద్దబండి

1959 మే నెలలో నన్ను మహబూబ్‌నగర్ నుంచి నల్గొండకు మోటారు వాహనాల ఇన్స్పెక్టరుగా బదిలీ చేశారు. ఆ హోదా పేరుతో మమ్మల్ని ఎవరూ పిలిచేవారు కాదు. జనానికి మేము బ్రేకు ఇన్స్పెక్టర్లం. ఆ పిలుపు నాకు కొంత చిన్నతనంగా ఉండేది. బండ్లకు నంబర్లివ్వడం, డ్రైవర్లకు పరీక్ష పెట్టడం, బస్సులకూ లారీలకూ ఏటేటా యోగ్యతా పత్రాలు రాయడం, ఇన్ని పనులు చేస్తుంటే వీళ్లకు బ్రేకొక్కటే కనబడిందా అని లోపల గొణుక్కునేవాణ్ణి. నల్గొండలో చేరిన మూడో వారంలో వచ్చిన ఒక కేసు తరువాత ఆ పేరు మీద నాకు గొణుగుడు లేకుండా పోయింది.

రోడ్డు మీద మనిషి చనిపోతే పోలీసులు మాకు లిఖితపూర్వకంగా కబురు పెడతారు. మేము వెళ్లి బండిని విప్పి చూసి ఒక్క విషయం తేల్చి రాయాలి: ప్రమాదానికి యంత్రలోపం కారణమా, కాదా. కాదని రాస్తే ఇక మిగిలేది డ్రైవరు. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమయ్యాడని కేసు పెడతారు, జైలుశిక్ష పడుతుంది. ఆ రోజుల్లో నేను 'యంత్రలోపం లేదు' అనే మాటను చాలా సులువుగా రాసేసేవాణ్ణి.

కబురు దేవరకొండ వైపు నుంచి వచ్చింది. అక్కడికి పడమరగా కొన్ని మైళ్ల దూరంలో గొర్రెల మందలూ మెట్టపొలాలూ ఉన్న ఒక పెద్ద కుటుంబం. ఇంటిపెద్ద బీరయ్య. అన్నదమ్ములు, కోడళ్లు, పిల్లలు కలిసి ఇరవైమందికి పైగా ఒకే పొయ్యి మీద తినేవాళ్లు. ఎడ్లబండ్లలో ఇంతమంది కదలడం కష్టమని, వేలంలో వచ్చిన పాత మిలిటరీ బండిని తెచ్చి, వడ్రంగితో దానికి చెక్క ఒళ్లు కట్టించారు. లోపల అటూ ఇటూ రెండు పొడుగాటి బల్లలు. కాగితాల్లో అది సొంత వాడకపు వ్యాను, ఊళ్లో పెద్దబండి. దాన్ని నడిపేది బీరయ్య చిన్న తమ్ముడు జంగయ్య. మిలిటరీలో నాలుగేళ్లు లారీ నడిపి వచ్చినవాడు, లైసెన్సు మీద ఒక్క మచ్చ లేదు.

చుట్టాల పెండ్లికి పోతుండగా గుండ్ల దిగుడు అనే వాలు రోడ్డులో, ఒంపు దగ్గర బండి రోడ్డు విడిచి కుడివైపు పల్లంలోకి పోయి ఒక మొండిగోడను గుద్దుకుంది. అందరూ దెబ్బలతో బయటపడ్డారు గాని బీరయ్య భార్య మల్లమ్మ అక్కడికక్కడే పోయింది. జంగయ్యను చంటిపిల్లవాడప్పుడు ఎత్తుకుని పెంచిన వదిన ఆమె.

బండిని పోలీసులు రోడ్డు మీదికి లాగించి ఉంచారు. ముందుభాగం నొక్కుకుపోయినా నడిచే స్థితిలోనే ఉంది. నేను నాలుగు చక్రాలూ విప్పించాను. బ్రేకు డ్రమ్ములో చెప్పులాంటి రెక్కలుంటాయి. వాటికి అతికించిన గట్టి పట్టీ డ్రమ్మును రాసుకుంటేనే చక్రం ఆగుతుంది. ఆ పట్టీలు సగానికి పైగా మందం ఉన్నాయి. నూనె గొట్టాల్లో ఎక్కడా చెమ్మ లేదు. పెడలు తొక్కితే రాయిలా నిలబడింది. బండి వయసుకు బ్రేకులు అంత బాగుండటం నేనెప్పుడూ చూడలేదు. జంగయ్య దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడని తెలిసిపోతూనే ఉంది, అదే అతని మెడకు చుట్టుకునేట్టుగా ఉంది.

ఏం జరిగిందని అడిగితే జంగయ్య తల ఎత్తకుండా చెప్పాడు. "పెడలు గట్టిగనే ఉండె సారూ. తొక్కిన కొద్ది గట్టిగనే ఉండె. చక్రాలే మాట ఇనలే. గేరు తగ్గిద్దామంటే అప్పటికే ఉరుకు ఎక్కువై పడలే. ఎవరో పగ్గం పట్టి గుంజినట్టు కుడిదిక్కు పోయింది."

సబ్ ఇన్స్పెక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇది మూడోసారి అన్నాడు. ఏడాదిన్నరలో అదే దిగుడు, అదే ఒంపు, అదే కుడివైపు. మొదటిసారి కొద్దిగా జారి ఆగింది, రెండోసారి రోడ్డు పక్క గుండురాయికి రాసుకుని నిలిచింది. ఆ దారిలో రోజూ బస్సు పోతుంది, లారీలు పోతాయి, వాటికి ఎప్పుడూ ఏమీ కాలేదు. ఒక్క ఈ ఇంటి బండికే అవుతుంది.

ఊళ్లో దానికొక కారణం చెప్పుకుంటున్నారు. ఒంపు దగ్గర కుడివైపు పల్లంలో ఉన్నవి పాత ఊరి గోడలు. వెనకెప్పుడో గత్తర, అంటే కలరా వచ్చి ఆ ఊరు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన కొద్దిమంది అవతలికి వచ్చి కొత్త ఊరు కట్టుకున్నారు. బీరయ్య తాత ఆ మిగిలినవాళ్లలో ఒకడు. కాబట్టి పోయినవాళ్లు తమవాళ్లను పిలుచుకుంటున్నారు, పరాయి బండ్లతో వాళ్లకు పనిలేదు. సబ్ ఇన్స్పెక్టరు నవ్వుతూనే చెప్పాడు గాని ఆ పల్లం వైపు వీపు పెట్టి నిలబడలేదు.

నేను నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది. కార్బన్ పెట్టి 'యంత్రలోపం లేదు' అని రాశాను, సంతకం ఒక్కటే మిగిలింది. అప్పుడే ఆ మూడుసార్ల సంగతి మళ్లీ గుర్తొచ్చి కలం ఆగింది. నిర్లక్ష్యపు డ్రైవరు ఎక్కడైనా తప్పు చేస్తాడు, ఒకే చోట ఎందుకు చేస్తాడు? దిగుడు మీద నేనే నడిపి చూస్తానని చెప్పాను. జాగ్రత్త కోసం రోడ్డు కూలీలతో ఒంపు దగ్గర రోడ్డు కుడి అంచున నడుమెత్తు ఇసుక పోయించాను.

మర్నాడు పొద్దున పదకొండు గంటలు. దిగుడు పైకొసన రోడ్డుకు ఎడమవైపు పసుపు పూసిన రాయి ఒకటి, దాని పక్కన లోతైన మోటబావి ఉన్నాయి. బీరయ్య, జంగయ్య అక్కడ నిలబడ్డారు. రాయి దగ్గర ఆపకుండా నేను బండిని కిందికి పోనిచ్చాను. రెండు ఫర్లాంగుల దిగుడులో మూడుచోట్ల బ్రేకు వేశాను, మూడుసార్లూ గీత గీసినట్టు ఆగింది. వెనక్కి తెచ్చి, బండిలో ఏ దోషమూ లేదని బీరయ్యతో అన్నాను. ఆ మాటకు అర్థమేమిటో జంగయ్యకు తెలుసు.

బీరయ్య నెమ్మదిగా అన్నాడు. "మీరు పరాయోళ్లు సారూ, మిమ్ముల వాళ్లు ఏమనరు. మావోడు నడిపితె సూడుండ్రి. మా పద్ధతిల పోనియ్యుండ్రి."

వాళ్ల పద్ధతి ఏమిటంటే, పోయినవాళ్ల జాగలోకి దుమ్ముకాళ్లతో పోకూడదు. ఎడ్లబండ్ల కాలంలో ఆ రాయి దగ్గర ఆగి ఎడ్ల గిట్టలు కడిగి గాని దిగేవారు కాదట. ఇప్పుడు చక్రాలు కడుగుతారు. నడిపేవాడు సీటు దిగకూడదు. నాకు ఆలస్యమవుతోందని విసుగు పుట్టింది. కానివ్వండి అని, జంగయ్య పక్కన కూర్చుని రిపోర్టులో మిగిలిన గడులు నింపుకుంటున్నాను. బావిలోంచి చేదిన నీళ్లు బీరయ్య బిందెలతో పోస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు వింటూ కాగితంలోంచి తలెత్తని నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

జంగయ్య రెండో గేరులో బండిని వదిలాడు. ఎండ నిలువునా కాస్తోంది. అంత ఎండలో ఒక్క పిట్ట అరవడం లేదు. సగం దిగాక బ్రేకు వేయమన్నాను. వేశాడు. అతని కాలు నేను చూస్తూనే ఉన్నాను, పెడలు కిందికి పోలేదు, గట్టిగా నిలబడే ఉంది. బండి మాత్రం ఆ కాలితో తనకు సంబంధం లేనట్టు పోతూ ఉంది. నేను వంగి చేతిబ్రేకు లాగాను, దానికీ బండి లొంగలేదు. ఒంపు ఎదురొచ్చింది. అప్పుడు స్టీరింగు దానంతటదే కుడివైపు తిరగబోయింది. మేమిద్దరం నాలుగు చేతులతో పట్టుకున్నా ఆ గుంజుడు ఆగలేదు. కప్పుల్లేని ఆ గోడలు, వాటి గుమ్మాలు, ఒకదాని వెనక ఒకటి ముందుకు వచ్చాయి. నా చదువు, నా శిక్షణ ఏవీ ఆ క్షణంలో నా దగ్గర లేవు. వీళ్లతో కలిసి కూర్చున్నందుకు నన్నూ పిలిచారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఇసుకలో ముందు చక్రాలు దిగబడి బండి ఆగింది.

నేను దిగి ముందు చక్రం పక్కన కూర్చున్నాను. చెయ్యి డ్రమ్ము మీద ఆనింది. తడి. డ్రమ్ము అంచు సందులోంచి నీళ్లు బొట్టుబొట్టుగా ఎర్రటి దుమ్ములో పడుతున్నాయి. తలెత్తి దిగుడు వైపు చూస్తే, రాయి దగ్గర నుంచి మా దాకా రోడ్డు మీద నల్లటి బొట్లు వరసగా ఉన్నాయి. ఎడమవైపు చిక్కగా, కుడివైపు పలచగా.

అక్కడే చక్రం విప్పించాను. పట్టీల మీద నీళ్లూ మన్నూ కలిసి సన్నటి బురద పూత కట్టి ఉంది. పాత బండి కాబట్టి డ్రమ్ము వెనక పళ్లెం అంచు నొక్కుకుపోయి వేలు దూరేంత సందు ఉంది, ముందురోజు నేను దాన్ని పట్టించుకోలేదు. ఎద్దు గిట్ట వెనక కడిగినట్టే వీళ్లు చక్రం లోపలివైపు కూడా నీళ్లు పోస్తారు. వానలో చిమ్మే నీళ్లు వేరు, బిందెలకొద్దీ లోపలికి పోసినవి వేరు. తడిసిన పట్టీ డ్రమ్మును పట్టదు, జారుతుంది. చేతిబ్రేకు నొక్కేదీ ఆ పట్టీలనే. రాయీ బావీ ఎడమన ఉన్నాయి కాబట్టి నీళ్లు ఎక్కువగా ఎడమ చక్రాలకే పోస్తారు. కుడివి ముందు ఆరి ముందు పట్టుకుంటాయి, అందుకే బండి కుడివైపు తిరుగుతుంది. నీళ్లు దాటినా, చక్రాలు కడిగినా సమనేల మీద బ్రేకు మెల్లగా అదుముతూ కొంతదూరం నడిపి ఆరబెట్టుకోవాలని మా శిక్షణలో మొదటి నెలలోనే చెబుతారు. ఇక్కడ రాయి దాటగానే దిగుడే.

జంగయ్యకు ఇదంతా విడమరచి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. అతను ఇసుకలో కూర్చుండిపోయాడు. మొన్న ఎన్ని బిందెలు పోశారని అడిగాను.

"ఎడ్లకు ఒక్కటి పోస్తుండిరి. బండి కొన్నంక రెండు. మొదటిపాలి జారినంక నాలుగు చేసిన్రు. రెండోపాలి గుండుకు తగిలినంక, మొన్న ఏడు." ఇసుకకేసి చూస్తూ అన్నాడు. "అన్న బావికాడ ఉండె. పోసింది మా వదినె. నేను సీట్ల కూసోనే అద్దంల సూస్తున్న. పిల్లలున్నరు బండిల, మంచిగ పోయాలె అనుకుంట ఏడుసార్లు ఒంగింది."

అతను నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "గీ ముచ్చట కాగితంల రాయకుండ్రి సారూ. మా వదినె చేతినీళ్లతోని ఆమెనే పోయిందని అన్నకు తెలిస్తె బతకడు. నా తప్పే అని రాయుండ్రి. జైలుకు పోత."

పైన రాయి దగ్గర బీరయ్య ఖాళీ బిందె పట్టుకుని మమ్మల్నే చూస్తూ నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రం పాత కాగితం చించి కొత్తది రాశాను. చక్రాలు కడిగిన నీరు డ్రమ్ముల్లోకి చేరి బ్రేకు పట్టలేదని, పళ్లెం అంచు లోపం వల్లే నీరు చేరిందని, డ్రైవరు నిర్లక్ష్యం కనబడలేదని రాశాను. కడిగిందెవరో రాయలేదు. సబ్ ఇన్స్పెక్టరు రెండుసార్లు చదివి, ఎవరు కడిగారని అడిగాడు. మా ఫారంలో ఆ గడి లేదన్నాను. కాగితం మడిచి పెట్టుకున్నాడు. జంగయ్య మీద కేసు నిలవలేదు. బీరయ్యకు మాత్రం, కడగాలనుకుంటే దిగుడు దిగాక కింద ఆగి కడగండి, ఇది సర్కారు మాట అని గట్టిగా చెప్పాను. కారణం చెప్పలేదు. ఆయన అడగలేదు.

రెండు నెలల తరువాత మా దగ్గరున్న బండి రిజిస్ట్రేషన్ పుస్తకం తీసుకుపోవడానికి బీరయ్య ఒక్కడే నల్గొండ వచ్చాడు. పుస్తకం చేతికిచ్చినా కదలలేదు. గదిలో ఎవరూ లేరని చూసుకుని మాట్లాడాడు.

"ఇసుకల మీరు చక్రం ఇప్పినప్పుడే నాకు సమజైంది సారూ. ఆనాడు బావిల నీళ్లు తోడిచ్చింది నేను. ఆమె నాలుగు సాలన్నది. నేనే ఏడు కానియ్యుమన్న." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తమ్మునికి ఎరుక లేదు. వానికి సెప్పకుండ్రి. ఆమెను తల్లి లెక్క సూసుకున్నడు, నా మొకం సూడలేడు మల్ల."

చెప్పనని మాటిచ్చాను. ఆయన బతికున్నంతకాలం, జంగయ్య బతికున్నంతకాలం ఆ మాట నిలబెట్టుకున్నాను. ఒకే పొయ్యి మీద తింటూ ఆ ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు అది దాచుకుని ఇరవై ఏళ్లకు పైగా బతికారు.

ఉద్యోగంలో నేను దీనివల్ల నేర్చుకున్నది చెబుతాను. బండి ఆగిన చోట దాన్ని పరీక్షిస్తే ఆగినప్పటి సంగతి మాత్రమే తెలుస్తుంది. ప్రమాదానికి ముందు అరగంటలో ఆ బండికి ఎవరు ఏ మంచి తలపెట్టి ఏం చేశారో అడగాలి. ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు. పదవీ విరమణ చేసేదాకా ప్రతి కేసులోనూ అడుగుతూనే వచ్చాను, వచ్చిన జవాబులో కావలసినంత మటుకే రాశాను.