తినుడుకు నలభై మూడు పేర్లు

ఎవరి నోట్లోకి ముద్ద పోతున్నా సరే, ఆ తినడానికి ఒక పేరు పెట్టకుండా ఉండలేడు గుండయ్య. ఆ పేర్లన్నీ పెద్ద చదువులవాళ్లు పుస్తకంగా అచ్చేసుకుని, ఆయన పేరు మాత్రం వదిలేశారు. కృతజ్ఞతలకు మాత్రం కొదవ లేదు. డైరెక్టరుకు చెప్పారు, డైరెక్టరు భార్యకు చెప్పారు, కరెంటు పోయినప్పుడు ఆదుకున్న జనరేటరుకు కూడా చెప్పారు. అదే ఆఫీసులో ముప్ఫై ఏళ్లు చాయ్ మోసిన గుండయ్య జనరేటరుపాటి చేయలేదు.

మనుషులు ఎట్లా తింటారో పరిశోధించే ఆఫీసు అది. మనసు డాక్టరు, షుగరు డాక్టరు, సమాజశాస్త్రం మేడమ్ కలిసి పనిచేయాలి. కానీ ఒకరి మాట ఇంకొకరికి పట్టదు. 'చిరుతిండి' అంటే ఏమిటో తేల్చడానికే పద్నాలుగు మీటింగులయ్యాయి. ఆకలి లేకుండా తినేదని ఒకరు, షుగరు పెంచేదని ఒకరు, పళ్లెం లేకుండా తినేదని మేడమ్. ముగ్గురూ ఒకే అర్థంతో వాడుకునే మాటల పట్టిక తయారైతే తప్ప పని కదలదు. అది తయారు కాదు. వాదించుకుంటూ ముగ్గురూ పల్లీలు బుక్కుతున్నారు.

"సార్, మీరిప్పుడు తింటున్నది ఆకలి తినుడు కాదు," అన్నాడు గుండయ్య చాయ్ పోస్తూ. "చెయ్యి ఊకుండని తినుడు. మా గౌలిపురల గట్లనే అంటం."

గౌలిపురలో అట్లా ఎవరూ అనరు, గుండయ్య తప్ప. కానీ మూడు చేతులు పల్లీల గిన్నెలోనే ఆగిపోయాయి. మూడు శాస్త్రాలు మొట్టమొదటిసారి ఒకే మాట రాసుకున్నాయి. రిటైరయ్యేనాటికి అట్లాంటివి నలభై రెండు ఇచ్చాడు. నలభై మూడోది ఆ తర్వాత గల్లీలోంచి పంపాడు.

రిటైరయ్యాక ఆయన జబ్బు గల్లీ మీద పడింది. గుండయ్య పెళ్లికొస్తే తినేవాళ్లకు గుండెదడ. బట్టల దుకాణం సీతారాం సేట్ మూడోసారి ఖుబానీ మీఠా వేయించుకుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"సేట్, ఇది తీపి మీద ఇష్టం కాదు. పెండ్లిపత్రిక ఆలస్యంగ అందిన తినుడు."

"మెల్లగనయ్యా! పెండ్లిపిల్ల తండ్రి ఇంటడు."

"మూడో గిన్నె కాడ కోపం సల్లారాలె. సల్లారలేదా?"

"నాలుగోది తింటున్న గద. ఆగు, జెప్త."

"తిన్నవా?" అని ఊరందరూ ఊరందరినీ అడుగుతారు. జవాబు కోసం ఎవరూ ఆగరు. గుండయ్య ఆగుతాడు. గాజుల కార్ఖానాలో పనిచేసే మాణిక్యమ్మ ఆయన్ను చూస్తే చాలు, పక్క గల్లీలోంచి తిరిగిపోయేది.

"తిన్ననన్నా, పప్పుతోని."

"ఏం పప్పు? కూసొని తిన్నవా, నిలవడి తిన్నవా? ఆఖరి ముద్ద పెరుగా, పచ్చిపులుసా?"

"పోలీసోళ్లు నయం గద వదినా!" అని ఆమె గుండయ్య భార్య రుక్మాబాయి దగ్గర మొరపెట్టుకుంది.

"నలభై ఏండ్ల సంది నాకిదే లొల్లి," అంది రుక్మాబాయి. "కూర మంచిగుందా అనడిగితే, ఇది మొహమాటం ముద్ద అంటడు."

కానీ ఆయనకు దొరికిన అసలు బకరా నిఖిలేష్. అదే గల్లీలో అద్దె గది, ఇరవై ఆరేళ్లు. నౌకరీ లేదు, కోపం మాత్రం ఉంది. పొద్దున్నే అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి నడిచిపోయి, చేతికందిన పుస్తకమల్లా చదివి, లోకంలో ఎవరు ఎవరిని మోసం చేశారో తెలుసుకుని మధ్యాహ్నానికి మండిపోతూ వచ్చేవాడు. "తిన్నవా?" అంటే "తిన్న" అని తలుపు వేసుకునేవాడు. వెంటనే ఆ తలుపు మీద దబదబా చప్పుడు. గుండయ్య, చేతిలో టిఫిన్ డబ్బా.

"పరీక్షుంది. ఎన్నో ముద్ద కాడ కడుపు సాలంటదో, ఎన్నో ముద్ద కాడ నోరు సాలంటదో సెప్పాలె."

"నాకు టైం లేదు బాపూ."

"శాస్త్రం కోసం గింత సాయం జెయ్యవా?"

లోకంలో నిఖిలేష్‌కు గౌరవం మిగిలింది శాస్త్రం ఒక్కదాని మీదే. కూర్చుని శ్రద్ధగా తినేవాడు.

"పదకొండో ముద్ద. కడుపు సాలన్నది."

"నడుమ నీళ్లు తాగినవ్. పరీక్ష ఖరాబైంది. మల్ల మొదటి సంది!"

పప్పుతో పరీక్ష, వంకాయతో పరీక్ష, ఆదివారం మటన్‌తో పరీక్ష. ఫలితం ఎప్పుడూ తేలేది కాదు.

"ఆయన కోసమని ఒప్పుకుంటున్న పెద్దమ్మా," అన్నాడు నిఖిలేష్ ఒకరోజు విసుగ్గా. "నా సదువంత ఖరాబైతున్నది."

"నీ దయ బిడ్డా," అంది రుక్మాబాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

పుస్తకం అచ్చయి, జనరేటరు సంగతి బయటపడగానే నిఖిలేష్‌కు ప్రాణం లేచొచ్చింది. మోసపోయినవాడు పక్కింట్లోనే దొరికాడు! ఆఫీసుకు తొమ్మిది ఉత్తరాలు రాశాడు. తొమ్మిదోదానికి జవాబొచ్చింది. రెండో అచ్చు వేస్తున్నారు. గుండయ్య తన నోట్‌బుక్ తెచ్చి, పేర్లకు ఆధారం చూపిస్తే అట్ట మీదే ఆయన పేరు వేస్తారు.

ఆ మాట విన్న గుండయ్య మూడు రోజులపాటు తాను తిన్నది ఏ తినుడో చెప్పలేకపోయాడు. పాత క్యాలెండర్ల వెనక సంతకం మీద సంతకం పెట్టి చూసుకున్నాడు.

నిఖిలేష్ తోడుగా వెళ్లిన మీటింగులో డైరెక్టరు ప్రకాశం గారు పట్టిక తెరిచారు. "నలభై రెండింటికి ఇబ్బంది లేదు. ముగ్గురికీ ముఖ్యమైంది నలభై మూడోది. 'ఉత్త తిన్ననుడు'. తినకుండానే తిన్నానని చెప్పడం. మా సర్వేలన్నీ దీనివల్లే తప్పుతున్నాయి. ఎవరి దగ్గర చూశారు, ఎప్పుడు చూశారు? ఆ నోట్‌బుక్ ఇటివ్వండి."

గుండయ్య నోట్‌బుక్ ఇవ్వబోయాడు. చెయ్యి సగం దూరం వెళ్లింది, వెనక్కొచ్చింది. నోట్‌బుక్‌ను కుర్చీలో పెట్టి దాని మీద కూర్చున్నాడు.

"బాపూ!" అన్నాడు నిఖిలేష్.

"గదంత ఉత్తదే సార్. నేనే కల్పించిన."

"పేర్లు మేం దాచిపెడతాం గుండయ్యా."

"ఇరవై ఇండ్ల గల్లీ సార్. పేరు దాస్తే మొహం అవుపడ్తది."

"ఆధారం లేకుండా అట్ట మీద మీ పేరు వేయలేం మరి."

గుండయ్య బల్ల మీది అట్ట వంక కాసేపు చూశాడు. "ఎయ్యకుండ్రి సార్. మాట మటుకు ఉంచుకోండ్రి, పనికొచ్చే మాట."

అందరూ లేచిపోయినా ఆయన లేవలేదు. కుర్చీలు సర్దేవాడు వచ్చి బతిమాలితే గానీ నోట్‌బుక్ మీంచి కదల్లేదు.

తిరుగు బస్సులో నిఖిలేష్ మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. తొమ్మిది ఉత్తరాలు మూసీలో కలిపాడు ముసలాయన! గుండయ్య కునుకు తీయగానే, దేనికింత పిరికితనమో తేల్చుకుందామని నోట్‌బుక్ లాగి తెరిచాడు.

"మాణిక్యమ్మ. పప్పుతోని అన్నది. ఏం పప్పో సెప్పలే. ఉప్పు సరిపోయిందో సూడుమని రుక్మతోని గిన్నె పంపిన."

"నిఖిలేష్. తిన్న అన్నడు. తలుపు బిరాన ఏసిండు. పరీక్ష పెట్టిన. పదకొండు ముద్దలు. మల్ల మొదటి సంది పెట్టిన. ఇంకో తొమ్మిది."

తర్వాతి పేజీ నిఖిలేష్. ఆ తర్వాతిదీ నిఖిలేషే. మూడు నెలలు. ఒకచోట ఇట్లా ఉంది: "ఇయ్యాల నాకు శాస్త్రం మీద గంటసేపు ఉపన్యాసమిచ్చిండు. కడుపు నిండినట్టున్నది."

లోకంలోని మోసాలన్నీ పట్టుకున్నవాడికి, సొంత పొట్ట మీద మూడు నెలలు జరిగిన మోసం తెలియలేదు. నోట్‌బుక్‌ను మెల్లగా ముసలాయన ఒళ్లో పెట్టేశాడు.

ఏడాది తిరిగేసరికి నిఖిలేష్‌కు సంగారెడ్డిలో రికార్డు అసిస్టెంటు నౌకరీ దొరికింది. వాళ్లిద్దరూ ఆఖరుసారి కలిసింది మొన్న బోనాల ఆదివారం. నిఖిలేష్ జేబులోంచి ఒక కాగితం తీసి గుండయ్య చేతిలో పెట్టాడు.

"మూడో అచ్చు ఎస్తున్నరట బాపూ. మూడు నెలలు తినక తిన్ననన్ననని రాసి, సంతకం పెట్టిన. నా పేరు, నా మొహం, ఏదన్న ఏసుకోనీ. నీకు ఆధారం కావాలె, గంతే గద."

గుండయ్య కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత కళ్లద్దాలు పైకి తోసి, నిఖిలేష్ చొక్కా బొత్తాలు పడుతున్న కష్టాన్ని తీరుబడిగా చూశాడు.

"పాగల్‌గా, గీ పొట్టేసుకొని పోయి నాకు తిండి లేకుండెనంటే ఏ సైంటిస్టు నమ్ముతడ్రా? ముందుగాల ఇరవై కిలోలు తగ్గిరా, అప్పుడు జూద్దాం."