అంగుళంన్నర పట్టా

తారణ నామ సంవత్సరం ఆశ్వయుజంలో నన్ను కాలవల శాఖలో ఓవర్సీరుగా కడియం దిగువ సెక్షనుకి వేశారు. నా పైన సబ్ ఇంజినీరు, ఆయన పైన దొర. నా కింద గట్టు కాచే లస్కర్లు. వానకి నానిన గట్టు మీద సన్నపట్టా చక్రం నడిస్తే గాడి పడుతుంది, గాడిలో నీరు నిలిస్తే చివరికి గండి పడుతుంది. అందుకని చక్రానికి చుట్టిన ఇనప పట్టా వెడల్పు రెండంగుళాలకి తగ్గితే ఆ బండిని గట్టెక్కనివ్వకూడదని రూలు. కొలవడానికి ఇత్తడి బద్ద ఒకటి ఇచ్చారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు చూడండి, ఆ బద్దని అన్నం తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకునేవాణ్ణి.

రూలుకి ఒక సందు ఉంది. పురుడో, ప్రాణం మీదికొచ్చిన జబ్బో అయితే ఓవర్సీరు చీటీ రాసి సంతకం పెట్టాలి. అప్పుడు ఏ బండైనా ఆ ఒక్కసారికి పోవచ్చు. చేరిన నెలలోనే రెండు మూడు రాసిచ్చాను, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి.

ఒకనాడు పొద్దున్నే లస్కరు వీరన్నతో గాళ్ళు పూడ్పిస్తుంటే ఎడ్ల గంటల చప్పుడు వినబడింది. బండి కనబడకముందే మాదేనని తెలిసిపోయింది. దాపటి ఎద్దు మెడ పట్టెడలో ఒక గంట బీటలు వారింది. అన్నీ గణగణమంటే అదొక్కటే టక్కుమనేది.

ఆ సవారీ బండి గురించి చెప్పకపోతే మీకు నా బాధ అర్థం కాదు. తేలిగ్గా పరుగెత్తాలని నాన్నగారు వడ్రంగి పక్కన కూర్చుని మరీ సన్న చక్రాలు చేయించారు. లోపల ఎండుగడ్డి, దాని మీద బొంత. ఇరుసుకి రాసిన ఆముదం వాసన ఊరు దాటేదాకా వెంట వచ్చేది. పిల్లలం వెనక కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళం. మా ఇళ్ళలో ఆడవాళ్ళు పరదా లేకుండా బండెక్కేవారు కాదు. అమ్మ మాత్రం గూటి చాపకి సూదితో పొడిచి పొడిచి వేలు పట్టే కంత చేసుకుంది. అందులోంచి చూసి, ఇదుగో తాటితోపొచ్చింది, ఇదుగో పడవెళ్తోంది అని మాకు చెబుతుండేది. మాకు అవన్నీ కనబడుతూనే ఉండేవి, అయినా ఆవిడ చెబితేనే బాగుండేది. తర్వాత రైలెక్కాను, గుర్రపు బగ్గీ ఎక్కాను. ఆ సుఖం మళ్ళీ దొరకలేదు. ఈ వయసులో కూడా ఆ బండి కావాలనిపిస్తుంది నాకు.

ఆ పొద్దున సంతోషంగా ఎదురెళ్ళాను. నాన్నగారే తోలుకొస్తున్నారు. మా మేనమామకి సన్నిపాతం కమ్మిందని, పొద్దు గూకేదాకా ఉంటాడో లేదోనని చెప్పారు. ఆయన ఊరికి గట్టు మీద రెండు కోసులు. పొలాల దారిన ఆరు, అదీ మోకాలి లోతు బురదలో. అమ్మ లోపల ఉంది.

పట్టా అంగుళంన్నరని నాకు తెలుసు. అయినా బద్ద పెట్టి కొలిచాను. వెనక నేను ఆపిన ధాన్యం బండ్లు నిలబడి ఉన్నాయి, వీరన్న చూస్తున్నాడు. ఓవర్సీరుగారింటి బండికి రూల్లేదనుకుంటారని నా భయం. చుట్టు తిరిగి వెళ్ళాలండి అన్నాను నాన్నగారితో. చీటీల పుస్తకం కోటు జేబులోనే ఉంది. ఆయన నా వంక ఒకసారి చూసి పగ్గాలు ఒళ్ళో పెట్టుకున్నారు. తాంబూలం నమిలినంతసేపు బండిలోంచి ఉలుకూ పలుకూ లేదు. అమ్మ ఏడుస్తోందనుకున్నాను.

తర్వాత పరదా కదిలింది. అమ్మ దిగింది.

“నీ రూలు చక్రాలకే కదా నాయనా, కాళ్ళకి లేదుగా,” అంది.

తల మీదికి కొంగు లాక్కుని అంతమంది మొగాళ్ళ ముందు నుంచి నడిచిపోయింది. పదడుగులు వెనకగా నేనూ నడిచాను. నా సెక్షను సరిహద్దు రాయి రాగానే, చూడండి నా బుద్ధి, అక్కడ ఆగిపోయాను.

అమ్మ వేళకే చేరింది. మామయ్య ఆవిణ్ణి గుర్తుపట్టాడట, మర్నాడు పోయాడు. నాన్నగారు ఇరుసుదాకా బురదతో ఆ రాత్రికి చేరుకున్నారు. మళ్ళీ ఆ బండి కట్టలేదు. వేసవిలో చక్రాలు అమ్మేశారు. గూడు పశువుల పాకలో పడి చివికిపోయింది.

నాన్నగారు పోయాక చాలా ఏళ్ళకి ఒకరోజు అమ్మతో చెప్పేశాను, ఆనాడు చీటీల పుస్తకం నా జేబులోనే ఉందని.

“తెలుసు,” అంది. “చీటీ ఇస్తారని దారిలోనే మీ నాన్నగారు చెప్పారు. కొడుకుని అడగడమేమిటని ఆయన అడగలేదు. నీకు మాటొస్తుందని నేను అడగలేదు. నువ్వే రాస్తావేమోనని కాసేపు కూర్చున్నాను.”

నలుగురు ఏమనుకుంటారోనన్న భయానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నానని అప్పుడు తెలిసింది. బండి మూలపడడానికీ కారణం అదే. అమ్మతో ఆ మాట అయ్యాక, మిగిలిన సర్వీసంతా నేను పద్ధతి మార్చాను. బండి ఆగితే ముందు లోపల ఎవరున్నారో, ఎందుకు వెళ్తున్నారో అడిగేవాణ్ణి. ఆ తర్వాతే చక్రం కొలిచేవాణ్ణి.